శివారు

పొద్దున ఆరూ నలభైకి ఒకటి,
ఏడూ ఇరవైకి ఇంకొకటి.
హాల్టు గోడ మీద నీలిరంగుతో రాసిన ఆ అంకెల వైపు
ఇప్పుడెవరూ తలెత్తరు.

మొన్న మాఘంలో లైను పొడిగించారు.
నర్సాపురంలో ఆగిపోయే పట్టాలు
వశిష్ఠ మీద కొత్త వంతెనెక్కి
అవతల కొబ్బరితోటల్లోకి ఏడు స్టేషన్ల దూరం వెళ్లాయి.
మేమూ సంతోషించాం. అబద్ధమెందుకు,
మొదటిరోజు ఇంజనుకి కట్టిన అరటిపిలకల్లో
రెండు మా దొడ్లోవే.

అంతకుముందు బండి మా దగ్గరకి సగం ఖాళీగా వచ్చేది.
కిటికీ పక్కన బేబీసరోజిని, ఎదురుగా నేను,
మధ్యలో మేరీరత్నం క్యారేజీ.
రొయ్యల షెడ్డులో ఐసునీళ్లకి పగిలిన వేళ్లకి
భీమవరం వచ్చేలోగా కొబ్బరినూనె రాసుకునేవాళ్లం.
రోజు మొత్తంలో మేం కూర్చునేది
ఆ అరగంటే.

ఇప్పుడు తలుపు తెరిచే ఉంటుంది,
మనుషులతో మూసి ఉంటుంది.
తమలపాకు మోదులు, కొబ్బరిపీచు తాళ్ల చుట్టలు,
పాలిటెక్నిక్ పిల్లల సంచులు,
ఎవరి భుజాన్నో నోరు తెరిచి నిద్రపోతున్న బిడ్డ.
"లోపలికి జరగండి" అని అరిస్తే
"లోపలంటే ఎటమ్మా?" అని
ఒక ముసలాయన నిజంగానే అడిగాడు.

ఎక్కేవాళ్లు ఎక్కలేక, దిగేవాళ్లు దిగలేక
నిమిషం ఆగాల్సిన చోట నాలుగు.
ఆ నాలుగు నిమిషాల్లో
వచ్చే స్టేషన్లో ఇంకో యాభైమంది పోగవుతారు.
వాళ్లని ఎక్కించుకోడానికి ఇంకో ఆరు.
ఆలస్యానికి కాన్పులు ఆగవు.

దాని వెనకే, ఎనిమిది నిమిషాల్లో,
రెండో బండి.
ఎక్కాల్సినవాళ్లందర్నీ ముందుది మింగేసిందిగా,
ఇది ఫ్యాన్లు తిప్పుకుంటూ ఖాళీగా పోతుంది,
పెళ్లయిపోయాక వచ్చిన బ్యాండుమేళంలా.

మా నాన్న ఏసుపాదం
ముప్పైయేళ్లు కాలవ మీద లస్కరు.
లాకు పలకలెత్తిన కుడిభుజం ఇప్పటికీ కిందికే.
నా గోడు విని, చుట్ట ఆర్పి అన్నాడు:
"కాలవ సాగదీత్తే నీళ్లు పెరగవే పిల్లా,
శివారు జరుగుద్ది, అంతే."
"శివారోళ్లే కూచుంటన్నారు నాన్నా,
ఎండిపోయేది నడిమిలో మనం."
చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత,
"అయితే మీ కాలవ
ఎగువకి పారతందన్నమాట."

ఒక బుధవారం పంతం పట్టి
మొదటి బండిని వదిలేశాను.
రెండోదాంట్లో పెట్టెకి ఆరుగురం.
కాళ్లు చాపాను. నూనెసీసా తీశాను.
యనమదుర్రు డ్రెయిను దాటకముందే ఆగింది.
ముందు బండి ఇంకా ప్లాట్‌ఫారం మీద
మనుషుల్ని కక్కుతోందట.
గుర్రపుడెక్క మీద ఒంటికాలి కొంగ,
కిటికీలో నేను,
ఇద్దరం ఇరవై నిమిషాలు.
షెడ్డులో వేలిముద్ర మిషను
నూనె వేలిని గుర్తుపట్టలేదు.
పట్టాక, సగం రోజు కోసేసింది.
"ముందు బండికి రావచ్చుగా" అన్నాడు సూపర్‌వైజరు.

మర్నాడు మళ్లీ ముందు బండే.
ఎవరి మోచెయ్యో నా పక్కటెముకల్లో,
నా క్యారేజీ ఎవరి తలకి తగులుతోందో తెలీదు.
కిందనుంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని అందుకుంది.
తాళ్ల చుట్టల మధ్య కూర్చున్న మనిషి,
అరచేతుల నిండా పీచు గీతలు.
ఒడిలో పెట్టుకుని, నేనడక్కుండానే చెప్పింది:
"ఇదివరకు మూడున్నరకి లేచి, పంటు కోసం
రేవులో చలికి కూకునేదాన్నమ్మా.
ఇప్పుడు ఐదింటిదాకా పడుకుంటన్నా.
పిల్లోడు లేచి నన్ను చూత్తన్నాడు."

ఆ గంటన్నర నిద్ర
ఎవరి వాటాలోంచి పారిందో నాకు తెలుసు.
చెప్పలేదు.
క్యారేజీ అడుగు
కాలుతోందా అని మాత్రం అడిగాను.